పాతిక లక్షల కార్డులో లేని బిళ్ల

"కార్డుంది కదా, ఇంక భయమేముంది?" అనంతపురం జిల్లాలో ఏ ఊరికి పోయినా ఈ మాట వినపడుతుంది. నాయకులు సభల్లో ఇదే చెబుతారు. పట్నంలో పాలసీ కొనుక్కున్నవాళ్లు దీన్నే కాస్త మార్చి "పది లక్షల కవరేజీ ఉంది మనకు" అంటారు. మాట ఏదైనా లోపలి లెక్క ఒకటే. ఎన్ని లక్షలకు బీమా ఉందో చూసుకుంటే చాలు, జబ్బు చేసినప్పుడు ఇల్లు గుల్ల కాకుండా ఎంత రక్షణ ఉందో తెలిసిపోతుందని. ఈ లెక్క తప్పు. ఆరోగ్య బీమాను ముందు కొలవాల్సింది మందుల దగ్గర. నెలనెలా కొనే బిళ్లల ఖర్చు ఆ పథకంలో ఉందా, ఉంటే ఎన్ని రోజులకు, ఎవరి చేతి మీదుగా అందుతుంది అన్నదే మొదటి ప్రశ్న కావాలి. లక్షల సంగతి ఆ తరువాత.

ఆ కార్డు ఇచ్చిన ఆరోగ్యశ్రీని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో మనది ఒకటి. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం మిగతా రెండు. మూడూ వలసల జిల్లాలే. అంతకు ముందు గుండె ఆపరేషన్ అంటే ఉన్న రెండెకరాలు అమ్ముకోవడమో, వడ్డీకి తెచ్చుకోవడమో, ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకుని ఎదురుచూడటమో. కార్డు వచ్చాక పేదవాడు కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కగలిగాడు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఆ మేలు మరువరానిది.

అయితే ఆ తరువాత ఇన్నేళ్లలో జరిగిందేమిటి? పేరు మారుతూ వచ్చింది: ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. అంకె పెరుగుతూ వచ్చింది: రెండు లక్షలతో మొదలై, ఐదు లక్షలై, 2023 డిసెంబరులో పాతిక లక్షలకు చేరింది. చికిత్సల జాబితా 3,257 దాకా పోయింది. ప్రతి ప్రభుత్వమూ పేదల మీద తన ప్రేమను ఈ అంకెల్లోనే చూపించుకుంది. ఇంట్లో అవ్వ రోజూ వేసుకునే బీపీ బిళ్ల మాత్రం ఈ పోటీలో లెక్కకే రాలేదు.

కార్డు పనిచేసే తీరు చూడండి. రోగి నెట్‌వర్క్ ఆసుపత్రికి పోవాలి, జాబితాలో ఉన్న చికిత్స అవసరమని తేలాలి, ముందస్తు అనుమతి రావాలి. అప్పుడు డిశ్చార్జి అయ్యేదాకా రూపాయి కట్టనక్కర్లేదు, ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులూ చేతికిస్తారు. ఎంపిక చేసిన కొన్ని చికిత్సలకు ఏడాది పాటు ఫాలో-అప్ పరీక్షలు, మందులు కూడా ఉన్నాయి. మంచి ఏర్పాటే. కానీ గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషికి మందులతో పని ఏడాదితో తీరిపోదు. ఇక కేంద్రం 2018 సెప్టెంబరులో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఐదు లక్షలు. ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, బయటికి వచ్చాక 15 రోజులు మందులూ పరీక్షలూ అందులో కలుస్తాయి. ప్రైవేటు పాలసీల్లో మామూలుగా ముందు 30 రోజులు, తరువాత 60 రోజులు. కొన్నింట్లో ఇంకొంచెం ఎక్కువ.

పదైనా, పదిహేనైనా, అరవయ్యైనా ఈ రోజుల లెక్క మొదలయ్యేది ఆసుపత్రి మంచం దగ్గర. మంచం ఎక్కని రోగికి ఆ పాతిక లక్షల్లోంచి పైసా రాదు. షుగరు, బీపీ, థైరాయిడు, ఆస్తమా, ఫిట్స్, కీళ్లవాతం, మానసిక జబ్బులు ఉన్నవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి మంచం ఎక్కనివాళ్లే. ఎక్కకుండా వాళ్లను నిలబెడుతున్నవి ఆ బిళ్లలే.

అనంతపురం పెద్దాసుపత్రి చుట్టుపక్కల ఏ మెడికల్ షాపు ముందైనా సాయంత్రం పూట కాసేపు నిలబడండి. ఒక అవ్వ చీటీ అందిస్తుంది. కుర్రాడు మూడు రకాల షీట్లు తీసి బల్ల మీద పెడతాడు. "నెలకు ఎంతయితాది నాయనా?" అని ఆమె అడుగుతుంది. అతను చెప్పిన మొత్తం విని కాసేపు ఊరుకుంటుంది. "వారానికి ఇయ్యి. ఈ మూడిట్లో ఏది ముఖ్యమో అది మాత్రం పదైదు దినాలకు ఇయ్యి." కుర్రాడు కత్తెర తీసుకుని షీటును అడ్డంగా కోస్తాడు. గడువు తేదీ అచ్చువేసిన కొస షాపులోనే ఉండిపోతుంది, ఏ తేదీ లేని ఏడు బిళ్లలు ఆమె సంచిలోకి పోతాయి. మూడు మందుల్లో ఏది ముఖ్యమో తేల్చింది డాక్టరు కాదు, పదో తరగతో ఇంటరో చదివి కౌంటరులో నిలబడ్డ ఆ పిల్లవాడు. అతని తప్పేమీ లేదు. అడిగారు గనుక చెప్పాడు. ఆ సమయంలో ఆమె ఇంట్లో పాతిక లక్షల కార్డు భద్రంగానే ఉంది.

లెక్క వేసుకుందాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఇంట్లో ఇద్దరికి బీపీ, షుగరు ఉండి నెలకు 1,200 రూపాయల మందులు అవసరమైతే, అవి నాలుగు రోజుల కూలి మింగేస్తాయి. ఏడాదికి 14,400 రూపాయలు, పదేళ్లకు 1,44,000. ఒక్కరోజు కూడా ఆసుపత్రిలో పడుకోకుండా పోయే సొమ్ము ఇది. ముసలివాళ్లున్న ఇళ్లల్లో ఒకటో తేదీన వచ్చే 4,000 రూపాయల పింఛనులో కొంత నేరుగా మందుల షాపుకే చేరుతుంది. అంటే మన పల్లెల్లో అసలైన మందుల బీమా వృద్ధాప్య పింఛనే. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యంలో జనం జేబు నుంచి పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం మందులదేనని జాతీయ నమూనా సర్వేలు చెబుతూనే వస్తున్నాయి. అయినా పథకాల మీద జరిగే చర్చంతా ఆసుపత్రుల బిల్లుల చుట్టూనే తిరుగుతుంది.

దీనికి బీమా రంగం తెలిసినవాళ్లు ఒక జవాబు చెబుతారు. అది తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. బీమా అనేది ఎప్పుడొస్తుందో తెలియని పెద్ద నష్టం కోసం. నెలనెలా తప్పక వచ్చే చిన్న ఖర్చుకు బీమా ఏమిటి, బియ్యానికీ పప్పుకూ బీమా తీసుకుంటామా అంటారు. నెల జీతం ఉన్నవాడి విషయంలో ఈ వాదన చాలావరకు నిజం. అతనికి మందుల ఖర్చు కరెంటు బిల్లు లాంటిదే. కానీ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల మీద, ఆ వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఇంట్లో, ఖర్చు ప్రతి నెలా వస్తుంది గానీ రాబడి రాదు. విత్తనాలు కొనే జూన్ నెలలో చేతిలో ఉన్నదంతా చేనుకే పోతుంది. పంట ఇంటికొచ్చేదాకా మళ్లీ డబ్బు మొహం కనపడదు. ఆ నెలల్లో మొదట ఆగేవి మందులు. ఎందుకంటే బీపీ బిళ్ల మానేస్తే ఆ రోజు ఏమీ తెలియదు, మరునాడూ ఏమీ తెలియదు. ఆకలి అలా ఊరుకోదు, అప్పులవాడు అంతకన్నా ఊరుకోడు.

ఆ వాదనలో ఇంకో లోపం ఉంది. చిన్న ఖర్చు, పెద్ద నష్టం వేటికవి విడివిడి సంగతులన్నట్టు అది మాట్లాడుతుంది. మానేసిన బీపీ బిళ్లే నాలుగేళ్ల తరువాత పక్షవాతంగా వస్తుంది. వేళకు వేసుకోని షుగరు మందే మూత్రపిండాల్ని తినేస్తుంది. అప్పుడు కార్డు రంగంలోకి దిగుతుంది. డయాలసిస్‌కు పథకం డబ్బు కడుతుంది. డయాలసిస్ మీదున్న రోగికి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తుంది, పక్షవాతంతో పూర్తిగా మంచాన పడ్డవారికి 15,000 ఇస్తుంది. ఆ పింఛన్లు అవసరం, వాటిలో ఒక్క రూపాయి కూడా తగ్గకూడదు. నా బాధల్లా మనిషి మంచాన పడ్డాక నెలకు పదిహేను వేలు ఇచ్చే చేయి, పడకముందు నెలకు కొన్ని వందల మందులు ఖాయంగా ఎందుకు ఇవ్వదన్నదే. నష్టం జరగకుండా ఆపే ఖర్చును బయట పెట్టి, జరిగిన నష్టానికి మాత్రమే చెల్లించే ఏర్పాటును జాగ్రత్త అని ఎలా అంటాం?

నిజానికి వేరుశనగ రైతుకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు. పంటల బీమాలో ఎకరాకు ఎంతని రాసున్నా, పరిహారం కట్టేది తన చేను చూసి కాదని అతనికి తెలుసు. యూనిట్‌గా తీసుకున్న ఊరిదో మండలానిదో దిగుబడి లెక్కో, వాన లెక్కో చూస్తారు. తన చేను నిలువునా ఎండిపోయినా ఆ లెక్క గీతకు పైనుంటే చేతికేమీ రాదు. అందుకే ఇక్కడి రైతు బీమా మొత్తం ఎంతని అడగడు, యూనిట్ ఏది, ఏ లెక్కన ఇస్తారు అని అడుగుతాడు. ఆరోగ్య బీమా దగ్గరికి వచ్చేసరికి ఆ రైతే లక్షల అంకె విని ఊరుకుంటున్నాడు. అడిగే అలవాటును ఇక్కడ కూడా వాడుకోవాలి.

"మందులు పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు కదా, బీమాతో పనేముంది?" అని మరికొందరు అడుగుతారు. ఈ ప్రశ్న వేసేవాళ్లు నాకు దగ్గరివాళ్లు. ఎందుకంటే జవాబు అటువైపే ఉంది. ఆరోగ్యశ్రీ వచ్చిన మరుసటి ఏడు, 2008లో, 104 వాహనాలు మొదలయ్యాయి. నెలకోసారి ఊరికొచ్చి బీపీ, షుగరు చూసి, మందులిచ్చి పోవడం వాటి పని. కార్డు ఒక్కటే చాలదని దాన్ని తెచ్చిన ప్రభుత్వానికే తెలుసు. 2023లో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి వచ్చింది. డాక్టరు నెలకు రెండుసార్లు గ్రామ క్లినిక్‌కు రావాలి, అక్కడ 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు ఉండాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి మందుల బీమా ఉండదు.

లోటు ఎక్కడుందంటే, కార్డు హక్కు, వాహనంలోని మందు దయ. కార్డుకు అంకె ఉంది, నడిపే ట్రస్టు ఉంది, ఫిర్యాదుకు నంబరు ఉంది. ఆసుపత్రి డబ్బు అడిగితే పత్రికలో వార్త అవుతుంది. గ్రామ క్లినిక్‌లో బిళ్లలు అయిపోయాయంటే "వచ్చే నెల రా అవ్వా" అన్న మాటతో సరి. ఆ నెల రోజులు ఆమె ఏం వేసుకోవాలో ఎవరి బాధ్యతా కాదు. పట్నంలో స్పెషలిస్టు రాసిన కాంబినేషన్ మందు ఆ 105లో ఉండకపోవచ్చు. ఉన్న మందుతో దాన్ని ఎలా సర్దుకోవాలో చెప్పే మనిషి ఆ రోజు అక్కడ ఉండకపోవచ్చు. డాక్టరు వచ్చే రోజున కూలికి పోతే మందు పోతుంది, మందుకు పోతే కూలి పోతుంది. ఉచిత మందులు ఉన్నాయని చెప్పి వాదన ముగించేవాళ్లు, ఆ మందు ఏడాదిలో ఎన్ని నెలలు ఆగకుండా అందింది అన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. బీమా అన్నాక ఒక హామీ ఉండాలి. ఉంటే ఇస్తాం, లేకపోతే లేదు అన్నది హామీ కాదు.

ఇక సొంత డబ్బుతో పాలసీ కొనుక్కునే మధ్యతరగతి సంగతి. అనంతపురం, హిందూపురం, గుంతకల్లు, ధర్మవరం లాంటి పట్టణాల్లో వ్యాపారులు, ప్రైవేటు టీచర్లు, చిన్న ఉద్యోగులు ఇప్పుడు విరివిగా పాలసీలు తీసుకుంటున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ ఎత్తేశాక ఇంకా ఉత్సాహం వచ్చింది. ఏజెంటు చెప్పేది లక్షల అంకె, ప్రీమియం అంకె, ఆసుపత్రుల జాబితా. కొనేవాళ్లూ ఆ మూడే అడుగుతారు. మందుల గురించి అడగాల్సినవి అడగరు గనుక చెప్పను కూడా చెప్పరు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీల చేత ఒకే షరతులతో అమ్మిస్తున్న ఆరోగ్య సంజీవని పాలసీనే తీసుకోండి. 2020 ఏప్రిల్‌లో వచ్చింది. అందులో చేరికకు ముందు 30 రోజులు, తరువాత 60 రోజులు మందుల బిల్లులు చెల్లుతాయి. కానీ ఏ జబ్బుతో చేరారో ఆ జబ్బు మందులే చెల్లుతాయి. డెంగీతో చేరి బయటికొచ్చాక మీ షుగరు మందుల బిల్లు పెడితే తిప్పి పంపుతారు. ప్రతి క్లెయిములో ఐదు శాతం మీరే భరించాలి. క్యాన్సర్‌కు నోటి ద్వారా తీసుకునే కీమో మందులు, మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లు బీమా మొత్తంలో సగానికి మించి చెల్లవు. ఇప్పుడు క్యాన్సర్ వైద్యంలో చాలా భాగం ఇంటి దగ్గర వేసుకునే బిళ్లల్లోకే మారుతోంది గనుక ఈ ఒక్క షరతు ఒక కుటుంబం జాతకాన్ని మార్చేస్తుంది. ఐదు లక్షల పాలసీ అనుకున్నది ఆ జబ్బుకు రెండున్నర లక్షల పాలసీ. చీటీ లేకుండా కొనగలిగే విటమిన్ల వంటివి ఆసుపత్రి చికిత్సలో భాగంగా డాక్టరు రాస్తేనే కలుస్తాయి. కేవలం పరీక్షల కోసం చేరితే అసలు చెల్లదు. "ఒక రాత్రి అడ్మిట్ అయితే బిల్లంతా వస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్లను నమ్మి అనవసరంగా సెలైన్ ఎక్కించుకుని, చివరికి క్లెయిమ్ తిరస్కరణ కాగితం పట్టుకుని తిరిగేవాళ్లు మన మధ్యే ఉన్నారు. బిళ్లలకు చోటులేని బీమా మనుషుల్ని అక్కర్లేని మంచం వైపు ఎలా నెడుతుందో చూడండి.

కొన్ని షరతులు కొనేవాడి పక్షాన కూడా ఉన్నాయి. వాటినీ ఎవరూ చెప్పరు. పరిమితికి మించిన గది తీసుకుంటే మిగతా ఖర్చుల్లో దామాషా కోత పడుతుందని అందరికీ తెలుసు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఆ కోత వేయకూడదని 2020లో ఐఆర్‌డీఏఐ చెప్పిన సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలాన్ని 2024లో మూడేళ్లకు మించకుండా కట్టడి చేశారు. ఐదేళ్లు వరసగా పాలసీ నడిస్తే, మోసం చేస్తే తప్ప, జబ్బు చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ ఎగ్గొట్టడానికి వీల్లేదు. కానీ ఆ ఐదేళ్ల లోపల ఆ సాకు చెల్లుతుంది, కాబట్టి "బీపీ ఉందని రాయొద్దు అన్నా, ప్రీమియం పెరుగుతుంది" అనే ఏజెంటు మాట వినకండి. బీపీ బిళ్లల చీటీలు పాత ఫైల్లోంచి బయటపడ్డ రోజున ఆ ఏజెంటు ఫోను ఎత్తడు.

ఓపీ మందులకు అదనంగా కవరేజీ ఇచ్చే రైడర్లు ఉన్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి. కానీ కంపెనీకి ముందే తెలిసిన ఖర్చు గనుక, ఇవ్వబోయే దానికి దగ్గరగానే అదనపు ప్రీమియం లాగుతుంది. ఏడాదికి ఇచ్చే పరిమితి ఎంత, దానికి తీసుకునే ప్రీమియం ఎంత అని పక్కపక్కన రాసి చూసుకుంటే చాలాసార్లు మన డబ్బే మనకు తిరిగొస్తున్నట్టు తేలుతుంది. అంతకన్నా డాక్టరును జెనరిక్ పేరు రాయమని అడిగి జన్ ఔషధి కేంద్రంలో కొనుక్కోవడం మేలు. అక్కడ ధరలు బ్రాండెడ్ మందుల కన్నా 50 నుంచి 90 శాతం దాకా తక్కువ. బిల్లు లేకుండా మందు తీసుకునే అలవాటు కూడా మానాలి. చేరికకు ముందు ముప్పై రోజుల సొమ్ము చాలామందికి పోయేది అక్కడే.

నెలనెలా తప్పక వచ్చే ఖర్చును ఒక్కొక్కరుగా బీమా చేసుకోలేం, అందరం కలిసి మాత్రమే చేసుకోగలం. దీనికి మన కళ్లెదుటే రుజువు ఉంది. 1948 చట్టంతో వచ్చిన ఈఎస్‌ఐలో కార్మికుడి జీతం నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం వసూలు చేస్తారు. బదులుగా కార్మికుడికీ అతని కుటుంబానికీ ఓపీ వైద్యం, మందులు, ఆసుపత్రి అన్నీ ఉంటాయి. వైద్య ఖర్చుకు గరిష్ఠ పరిమితి లేదు. అర్హత ఉన్న రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కట్టి తనకూ భార్యకూ వైద్యం కొనసాగించుకోవచ్చు. హిందూపురం, పెనుకొండ ప్రాంతాల ఫ్యాక్టరీల్లో 21,000 రూపాయల లోపు జీతానికి పనిచేసే పిల్లలు తమ పే స్లిప్పులో ఈఎస్‌ఐ కోత చూసి విసుక్కుంటారు గానీ, వాళ్ల నాన్న షుగరు మందులకు దారి ఆ కోతలోనే ఉందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. డిస్పెన్సరీల్లో మందుల కొరత ఉన్న మాట నిజమే. దానికి విరుగుడు కొరత తీర్చమని నిలదీయడం. పథకం పనికిరాదని వదులుకుంటే నష్టపోయేది మనమే.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1954 నుంచి సీజీహెచ్‌ఎస్ అనే ఆరోగ్య పథకం ఉంది. అందులో పింఛనుదారులకు సైతం నెలనెలా మందులు వెల్‌నెస్ సెంటర్ నుంచే అందుతాయి. పథకాలు రాసే అధికారులకు, తమ ఇళ్లల్లో ఆరోగ్య రక్షణ అంటే బిళ్లలతో సహా అన్న సంగతి డెబ్బై ఏళ్లుగా తెలుసు. పల్లెలో ఉన్న అవ్వ దగ్గరికొచ్చేసరికి ఆరోగ్య రక్షణ ఆసుపత్రి బిల్లుకు కుదించుకుపోయింది.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో వృద్ధుల కోసం 1965లో మెడికేర్ తెచ్చినప్పుడు ఆసుపత్రి ఉంది, డాక్టరు ఫీజు ఉంది, ఇంటి దగ్గర వేసుకునే మందు లేదు. మందుల కవరేజీ అమల్లోకి వచ్చేసరికి 2006 అయింది. నలభై ఏళ్లు పట్టింది. 2025లో ఆ మందుల మీద రోగి ఏడాదికి సొంతంగా పెట్టే ఖర్చు 2,000 డాలర్లు దాటకుండా గీత గీశారు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో అమ్మానాన్నలు మెడికేర్‌లో ఉన్నవాళ్లు, ఏటా అక్టోబరు 15కూ డిసెంబరు 7కూ మధ్య ప్లాను మార్చుకునే గడువులో, తల్లిదండ్రుల మందుల పేర్లు ఒక్కొక్కటే ప్లాను జాబితాతో పోల్చి చూస్తారు. ఏ మందు ఏ శ్రేణిలో ఉంది, చేతి నుంచి ఎంత పడుతుంది అని రాసుకుంటారు. అదే ఇంటి వాళ్లు కదిరిలోనో తాడిపత్రిలోనో ఉన్న పెద్దమ్మకు పాలసీ కొనేటప్పుడు అడిగేది "ఎన్ని లక్షలు?" అని మాత్రమే.

డబ్బెక్కడిదని చివరిగా అడుగుతారు. పక్కనే తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థ పెట్టుకుంది. 2021 ఆగస్టులో మన సరిహద్దుకు కూతవేటు దూరంలోని కృష్ణగిరి జిల్లాలో మొదలుపెట్టి, బీపీ షుగరు మందులు ఇంటికే తీసుకుపోయి ఇస్తోంది. మనకన్నా సంపన్న రాష్ట్రమేమీ కాని రాజస్థాన్ 2011 అక్టోబరు 2 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత మందుల పథకం నడుపుతోంది. అంతెందుకు, 2004 నుంచి ఈ దేశం హెచ్‌ఐవీ రోగులకు ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది, జీవితాంతం, నెలనెలా. బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రిలో ఒకప్పుడు చావు కోసం ఎదురుచూసిన రోగులు ఇవాళ పొలం పనులు చేసుకుంటున్నారంటే ఆ బిళ్లలు ఆగకపోవడమే కారణం. జీవితకాలం మందు ఇవ్వడం మన వ్యవస్థకు చేతకాని పనేమీ కాదు. ఒక జబ్బు విషయంలో చేసి చూపించింది.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీలు, ఆపైన పాతిక లక్షల దాకా ట్రస్టు చెల్లించే పద్ధతి అది. ఈ విధానం మీద జరుగుతున్న వాదులాటంతా ట్రస్టు మేలా, కంపెనీ మేలా అన్నదాని మీదే. ఆ వాదన అవసరమే, కానీ రెండు పక్షాలూ మంచం దగ్గరే ఆగిపోయాయి. కంపెనీకి ప్రీమియం కట్టే ప్రభుత్వం, పక్షవాతాలూ కిడ్నీ జబ్బులూ తగ్గితే ఆ ప్రీమియమే తగ్గుతుందన్న లెక్క వేసుకోవాలి. గ్రామ క్లినిక్ మందుల జాబితాను పథకంలో భాగంగా ప్రకటించాలి. మందు లేదన్న రోజున అక్కడి ఆరోగ్య సిబ్బంది రాసిచ్చిన చీటీతో జన్ ఔషధి కేంద్రంలో ఉచితంగా తీసుకునే హక్కు ఇవ్వాలి. ఆ బిల్లును పథకమే కట్టాలి. ఏ క్లినిక్‌లో ఏ మందు ఎన్ని రోజులు లేదో గోడ మీద రాసి పెట్టాలి.

వలస పోయే కుటుంబాల సంగతి అన్నిటికన్నా ముందు తేల్చాలి. వాన మొహం చాటేసిన ఏడాది ఇక్కడి జనం బెంగళూరుకూ కేరళకూ మూటాముల్లె సర్దుకుంటారు. గ్రామ క్లినిక్‌లో వాళ్ల పేరు ఉంటుంది, వాళ్లుండరు. బెంగళూరులో ఏ కట్టడం పక్కన రేకుల షెడ్డులో ఉన్నారో ఆ షెడ్డుకు 104 రాదు. కోవిడ్ సమయంలో, 2020 ఏప్రిల్‌లో, బీపీ షుగరు రోగులకు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వవచ్చునని కేంద్ర ఆరోగ్య శాఖే మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పుడు జనం కదలకూడదని ఇచ్చారు. ఇప్పుడు కదలక తప్పని జనానికి అదే పద్ధతిన ఇవ్వాలి. బస్సెక్కే ముందు వాళ్ల సంచిలో మూడు నెలల బిళ్లలు, షీటు కోయకుండా, తేదీతో సహా ఉండాలి. ఏ మందు, ఎంత మోతాదు అని కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాసిన చీటీ ఒకటి వాటితో పాటు ఉండాలి.